పిట్టగోడ గీటు

ఈ పూట కూడా ప్రార్థనలో థామస్ పేరు రాలేదు.

"తండ్రీ, నీకు స్తోత్రం. గీ రొట్టె ఇచ్చినందుకు స్తోత్రం. సాలమ్మను సల్లగ చూడు. బిడ్డ దీవెనను కాపాడు. కంగ్టి ఊర్ల నా చెల్లె మోకాళ్ల నొప్పులు తగ్గించు. మా బర్రె ఈసారి మంచిగ ఈనెటట్టు చెయ్యి. ఆమేన్."

కాలేబు కళ్లు తెరిచి రొట్టె తుంచాడు. దీవెన మాత్రం ఇంకో రెండు క్షణాలు కళ్లు మూసుకునే ఉంది. నాన్న గొంతు సవరించుకుని మిగిలిన ఆ ఒక్క పేరూ అంటాడేమోనని ఆశ. అనలేదు. బర్రెకు దొరికిన చోటు ఇంటల్లుడికి దొరకలేదు.

ఆ ఇంట్లో కాలేబు ప్రార్థన చేయందే ఎవరూ కంచం ముట్టరు. ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరూ అందులో రావాలి. ఆరేళ్ల కిందట థామస్ ఇల్లరికం వచ్చిన రోజు నుంచి అతని పేరు దీవెన పేరు పక్కనే ఉంటూ వచ్చింది. మూడు వారాల కిందట ఊడిపోయింది.

కారణం పట్నంలోని రేసుకోర్సు. నారాయణఖేడ్ మేస్త్రీకీ పట్నం గుర్రాలకూ ఏం సంబంధమని అడిగేవాళ్లు కాలేబును ఎరగనివాళ్లు. పట్నంలో గోడలు కట్టిన ముప్పై ఏళ్లూ, రేసులున్న ప్రతి ఆదివారం ఆయన అక్కడి రేకుల స్టాండు ముందు రెయిలింగు ఆనుకుని నిలబడ్డవాడు. ఒక్క పైసా పందెం కాయలేదు. పాస్టరుకు మాటిచ్చాడు, తప్పలేదు. గుర్రాలు పరుగెత్తుతుంటే చూడాలి, అంతే. పందెం కాయనివాడికి ఇక్కడేం పనని అక్కడివాళ్లు నవ్వేవారు. ఆదివారం చర్చికి రానివాడు మనిషేనా అని ఇక్కడ సాలమ్మ తిట్టేది. రెండూ ఓర్చుకున్నాడు.

ఆ రేకుల స్టాండును పడగొట్టి కొత్తది కట్టారు. పడగొట్టిన ముఠా థామస్‌ది. మేస్త్రీగా అతనికి అదే మొదటి పెద్ద పని. మామకు చెప్పే ధైర్యం లేక ఎనిమిది నెలలు "ఏదో బిల్డింగు పని" అంటూ నెట్టుకొచ్చాడు. పట్నంలో ఉండే మామ స్నేహితుడు మొగులయ్య ఒకరోజు అతన్ని అక్కడ చూసి ఫోనులో చెప్పేశాడు. ఆ పూట నుంచి కాలేబు అల్లుడితో మాట్లాడడం మానేశాడు.

థామస్ కంచం ముందు నుంచి లేచాడు.

"రొట్టె ఇడిసిపెట్టి లేస్తవేంది అల్లుడా?" అంది సాలమ్మ.

"ఆకలైతలేదత్తమ్మా."

అతను పెరట్లోకి వెళ్లిపోయాడు. సాలమ్మ పప్పు గిన్నెను నేల మీద కొంచెం గట్టిగానే పెట్టింది.

"బర్రె యాదికొచ్చింది గాని మనిషి యాదికి రాలేదా?"

"యాదికొచ్చినోళ్ల పేర్లే చెప్పిన."

"నిన్న పొద్దుగాల పట్నం నుంచి వచ్చిండు. వచ్చినప్పటిసంది ఇంత మంచిగ తిన్నది లేదు, పన్నది లేదు. ఏమైందని ఒక్క మాటన్న అడిగినవా?"

"ఏం అడగాలె? నా జాగ కూలగొట్టినవ్ గదా, మట్టి అంత ఎత్తిపోసినవా అని అడగాల్నా?"

దీవెన కంచం వైపు చూస్తూ కూర్చుంది. ఇటు మాట్లాడితే నాన్నకు కోపం, అటు మాట్లాడితే భర్తకు అవమానం. మూడు వారాలుగా ఆమె ఉప్పు కావాలా, నీళ్లు కావాలా అనే మాటలతోనే కాలం గడుపుతోంది. నాన్న మీద ఆమెకు ప్రేమ ఉంది, ఒళ్లు మండిపోయేంత కోపమూ ఉంది.

అప్పుడే పెరట్లోంచి పొగ వాసన వచ్చింది. మామూలు కట్టెల పొగ కాదు, నూనె తాగిన టేకు వాసన.

దీవెన లేచి పరుగెత్తింది.

నీళ్ల పొయ్యి ముందు థామస్ గొంతుకూర్చుని ఉన్నాడు. అతని చేతిలో ఉన్నది నాన్న కొలకర్ర. నలభై ఏళ్లు కాలేబు చేతిలో అరిగి నున్నబడ్డ టేకు కర్ర. దాని మీద వరసగా గీట్లు. గడపకు ఒకటి, కిటికీకి ఒకటి, పిట్టగోడకు ఒకటి. పెళ్లినాడు అల్లుళ్లకు గడియారాలు పెడతారు. కాలేబు ఈ కర్ర పెట్టాడు. ఇప్పుడు దాని కొస మంటలో ఉంది.

"ఏం చేస్తున్నవ్? నీకేమన్న పిచ్చి లేసిందా?"

దీవెన లాగేలోపే వెనక నుంచి కాలేబు వచ్చాడు. మోకాళ్లు పట్టేసిన మనిషి అంత జల్దీ ఎలా వచ్చాడో ఎవరికీ తెలియదు. కర్రను లాక్కుని, కాలిన కొసను బకెట్ నీళ్లలో ముంచాడు. చుయ్యిమంది.

"నా మీద కోపముంటె నన్ను తిట్టు! కట్టె ఏం చేసిందిర నీకు?"

మూడు వారాల తరువాత అల్లుడితో ఆయన అన్న మొదటి మాట అది.

"గీ కట్టెనే నా కొంప ముంచింది మామా!" థామస్ కూడా లేచి నిలబడ్డాడు. ఆరేళ్లలో అతను మామ ముందు గొంతెత్తడం దీవెన చూడలేదు. "నీ గీటు తప్పు! నీ గీటు పట్టుకోని గోడ కట్టిన. జానెడు తక్కువొచ్చింది. ఇప్పుడు గోడ పగలగొట్టి మళ్ల ఎత్తుతరట. కొలత తెల్వని మేస్త్రీ అని నన్ను పంపిస్తరట. సిర్గాపూర్ నుంచి నన్ను నమ్ముకోని ఎనిమిదిమంది వచ్చిండ్రు. ఆళ్లకేం మొఖం చూపియ్యాలె?"

"నా గీటు తప్పా?"

కాలేబు గొంతు సన్నబడింది. ఆయన్ను తాగుబోతు అన్నా ఊరుకునేవాడేమో. కొలత తప్పింది అంటే మాత్రం ఊరుకోడు.

"నలభై ఏండ్లు గోడలు కట్టిన. నారాయణఖేడ్‌ల ఒక్కడు నా గీటుకు వంక పెట్టలేదు. యే గీటు?"

"మూడోది. పిట్టగోడ గీటు."

"యాడ కట్టినవ్?"

థామస్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. కొత్త స్టాండు ముందు, గుర్రాలు ఉరికే వైపు ఒక గోడ కట్టాలి. ఇంజినీర్లు గీసిచ్చిన నక్షలో దాని ఎత్తు రాసే ఉంది. గేటుకు ఇవతల ఉన్న గోడంతా ఇంజినీరు భాస్కర్ సారు దగ్గరుండి టేపు పట్టి కట్టించాడు. గేటుకు అవతల నలభై అడుగుల ముక్క మిగిలింది. ఆ రోజు సారు రాలేదు. స్టాండు తెరిచే రోజు దగ్గర పడింది. థామస్ అలవాటు కొద్దీ కర్ర నేలకు ఆనించి, "మూడో గీటు దాకా లేపుండ్రి" అని ముఠాకు చెప్పేశాడు. మామ దగ్గర పని నేర్చుకున్నవాడికి మనుషులు ఆనుకునే గోడంటే ఆ ఎత్తే. ఇంకో ఎత్తు ఉంటుందన్న ఆలోచనే రాలేదు.

"నక్ష ఉండంగ కట్టె పట్టుడు నా తప్పే. గాని గీటు సరిగుంటె గింత తేడా ఎట్లొస్తది మామా?"

కాలేబు కర్రను అడ్డంగా పట్టుకుని మూడో గీటు మీద బొటనవేలు పెట్టాడు. రెండుసార్లు రాశాడు. తరువాత మెల్లగా వెళ్లి బట్టలుతికే బండ మీద కూర్చున్నాడు.

ఆయన ముఖంలో కోపం ఎటు పోయిందో దీవెనకు అర్థం కాలేదు. చర్చిలో పాట మధ్య ముక్క మరిచిపోయిన మనిషిలా ఉన్నాడు.

"నాయినా, ఏమైంది?"

సాలమ్మ నీళ్లిస్తే తాగలేదు. కొలకర్ర ఒడిలో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. లోపల కంచాల్లో రొట్టెలు గట్టిపడుతున్నాయి.

ఆ సమయంలో దీవెన ఫోను మోగింది.

"వచ్చిండు గుర్రాలాయన," అంది సాలమ్మ, పేరు చూడకుండానే. అంత పొద్దున్నే ఆ ఇంటికి ఫోను చేసేవాడు మొగులయ్య ఒక్కడే. మనూర్ మనిషి, పట్నంలో ఏదో అపార్టుమెంటుకు కాపలా ఉంటాడు. కాలేబు పట్నం మానేసి ఇంటికి వచ్చాక, ఏ రేసులో ఏ గుర్రం ఎలా ఉరికిందో ఫోనులో చెప్పడం ఆయన పని. ఆయన గొంతుకు స్పీకరు అక్కర్లేదు. అయినా దీవెన నొక్కింది.

"కాలేబూ! మాట్లాడవేందిర? ఇంకా అలిగే ఉన్నవా?"

కాలేబు మూడో గీటును బొటనవేలితో రాస్తూనే ఉన్నాడు.

"సరే, మాట్లాడకు. ఇను. పోయిన ఆదివారం కొత్త స్టాండు తెరిచిండ్రు, పోయిన. వారమంత జరం పట్టి నీకు చెప్పనే లేకపోయిన. అబద్ధమెందుకు, మస్తుగ కట్టిండ్రు. కూసుండెతందుకు కుర్చీలు. నీడ. సల్లటి నీళ్ల నల్లా. పాయఖాన గూడ సాఫ్‌గ ఉన్నది, మన దినాలల్ల ముక్కు మూసుకోని పోయేది యాదికున్నదా? కుర్చీల కూసోని దండం పెట్టిన నేనైతె. గంతసేపు నిలవడితే నా కాళ్లు ఇప్పుడు ఆగుతయా?"

"గుర్రాలు కనబడ్డయా?" కాలేబు నోరు విప్పాడు.

"గదే చెప్తున్న. కనబడలే! కుర్చీలు దూరం. పెద్ద టీవీ పెట్టిండ్రు, అందరు దాన్నే చూస్తుండ్రు. టీవీల చూసెతందుకు బస్సెక్కి గాడికెందుకు పోవాలె? సరే అని ముందటికి పోయిన. ముందట గోడ నా ముక్కు దాకున్నది. మడిమెలు లేపి చూస్తె ఏం కనబడ్డదో తెలుసా? టోపీలు! ఉరుకుతున్న ఆరు టోపీలు! గుర్రం లేదు, కాళ్లు లేవు, మొఖం మీద మట్టి పడుడు లేదు. ఏడుపొచ్చింది కాలేబూ. ఇగ మన పని అయిపోయింది, మల్ల రావద్దు అనుకున్న."

థామస్ గోడకు ఆనుకుని వింటున్నాడు. దీవెన అతని వైపు చూడలేకపోయింది.

"వాపస్ పోదామని గేటు దాటిన. గాడ ఇంకో గోడ ముక్కున్నది. మన పాతోళ్లందరు గాడనే ఉన్నరు, సందు లేకుంట. వినాయకరావు, గా కుంటి సలీం, అందరు! జరుగుర అని దూరి నిలవడ్డ. నిలవడంగనే నా మోచేతులు వాటికవే పోయి గోడ మీద కూసున్నయిర! నేను పెట్టలే. అవే పోయినయ్. పాత రెయిలింగు మీద ఎట్ల ఉండెనో గట్లనే, ఇంచు తేడా లేదు. గుర్రాలొచ్చినయ్. ముక్కులకెళ్లి గాలి ఇడుస్తుంటె ఇనబడ్డది. మట్టి నోట్లె పడ్డది. సలీం ఏడ్చిండు, నేను గూడ ఏడ్చిన. ఎవడు కట్టిండో గాని వాని చేతులు సల్లగుండ అని అడిగితె, నారాయణఖేడ్ మేస్త్రీ థామస్ అని చెప్పిండు వాచ్‌మెను. మీ అల్లునికి చెప్పు, మేం నలభైమందిమి దండం పెట్టినమని!"

ఫోను పెట్టేశాక పొయ్యి మీద నీళ్లు మసిలి పొర్లుతున్నా సాలమ్మ పట్టించుకోలేదు.

థామస్ ఒక్కడే పొడిగా నవ్వాడు. "గా గుంపును చూసే సారు టేపు తెచ్చిండు. అందరు గీడనే ఎందుకు నిలవడ్డరని అనుమానమొచ్చిందట."

కాలేబు లేచాడు. కర్ర పట్టుకుని నేరుగా ఇంటి ముందుకు, పక్కింటి గ్రేసమ్మ వాకిలికీ తమ వాకిలికీ మధ్య ఉన్న గోడ దగ్గరకు నడిచాడు. ముగ్గురూ వెనకే వెళ్లారు. కర్రను నేలకు ఆనించి నిలబెట్టాడు. గోడ పైఅంచు సరిగ్గా మూడో గీటు దగ్గరకు వచ్చింది.

"ఇది పిట్టగోడ కొలత గాదు," అన్నాడు. "నాకు కొలతలు నేర్పిన మేస్త్రీ రెండు గీట్లే పెట్టిచ్చిండు. గీ మూడోది నేను పెట్టుకున్న."

"యాడ పెట్టినవ్?" అంది సాలమ్మ.

"రేసుకోర్సుల."

ఆయన భార్య వైపు చూడకుండా గోడతో చెబుతున్నట్టు చెప్పాడు.

"పట్నం పోయిన కొత్త. దినమంత తట్టలు మోసుడు, ఇటుకలు మోసుడు. చేతులు యాడ పెట్టుకోవాల్నో తెల్వకపోయేది. ఒక ఆదివారం ఎవడో గాడికి తోల్కపోయిండు. రెయిలింగు మీద మోచేతులు పెట్టిన. గంతే. గుర్రాలు తర్వాత వచ్చినయ్, ముందు గా సుఖం వచ్చింది. పనిచేసినోని చేతులకు గింత మంచి జాగ ఎవడు కొలిచిపెట్టిండో అనుకున్న. కర్ర నా ఎంబడే ఉన్నది. రెయిలింగు పక్కన నిలవెట్టి చాకుతోటి గాడనే గీటు కోసిన. గప్పటిసంది మనిషి ఆనుకునే గోడ ఏది కట్టినా గదే ఎత్తు."

"గిదా?" సాలమ్మ గోడ మీద చెయ్యి వేసింది. రోజూ పొద్దుగూకే వేళ ఆమె, గ్రేసమ్మ చెరోవైపు మోచేతులు పెట్టుకుని లోకం సంగతులన్నీ చెప్పుకునేది ఈ గోడ మీదే.

"గిది. బస్టాండు కాడ సుభాష్ సేటు మేడ మీదిది. బడి వరండది." ఆయన కొంచెం తటపటాయించాడు. "చర్చి వరండది."

"చర్చి గోడ గూడనా!"

సాలమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. ముప్పై ఏళ్లు ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి వరండా గోడ మీద హాయిగా మోచేతులు ఆనించుకుని, మొగుణ్ణి మింగేసిన రేసుకోర్సును ఆమె తనివితీరా తిట్టిపోసింది. అదంతా ఇప్పుడు ఆమె ముఖంలో ఒక్కొక్కటిగా కదలడం దీవెన చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది. అమ్మ కోప్పడుతుందనుకుంటే, అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాలేబు నవ్వలేదు. అల్లుడి ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

"గీటు తప్పు గాదు. గాని గోడ తక్కువొచ్చిన తప్పు నీది గాదు, నాది. నక్ష గీసినోడు ఒక ఎత్తు రాస్తే నీ చెయ్యి నా ఎత్తుకు పోయింది. నా జాగ కూలగొట్టినోనివని మూడు వారాలు నీ పేరు దేవుని ముందట తియ్యలే నేను. నువ్వేమో గా జాగ నాకు మళ్ల కట్టిపెట్టినవ్." కర్రను అతని ముందుకు చాచాడు. "నాకే గాదు, మొగులయ్యకు, సలీంకు, ఆళ్లందరికి. తెల్వకనే కట్టినవ్. కూలగొట్టినోని చేతులల్లనే దేవుడు దాన్ని దాచిపెట్టిండు."

థామస్ మామ చేతిలోని కాలిన కర్ర కొసను తన లుంగీ అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. మసి పోలేదు. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

దీవెన ఇంట్లోకి వెళ్లి రొట్టెలు మళ్లీ వేడి చేసింది. పెనం మీద రొట్టె తిప్పుతూ ఏడ్చింది. దుఃఖంతో కాదు. మూడు వారాలుగా ఛాతీలో ఇరుక్కున్నది ఏదో జారిపోతున్నందుకు.

నలుగురూ కూర్చున్నారు. కాలేబు కళ్లు మూసుకున్నాడు. ఈసారి ప్రార్థన మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టింది.

"తండ్రీ. థామస్‌ను ఇచ్చినందుకు నీకు స్తోత్రం."

అంతే. ఆ పూట ప్రార్థనలో ఇంకెవరి పేరూ రాలేదు. బర్రె సంగతి కూడా దేవుడే చూసుకోవాల్సి వచ్చింది.

రెండో రొట్టె తింటుండగా థామస్ ఫోను మోగింది. తెర మీద పేరు చూసి అతను చేయి కడుక్కోకుండానే లేచాడు. భాస్కర్ సారు. అవతలి మాటలు వినబడడం లేదు. "సారూ... సరే సారూ... రేపా?" అన్నవే దీవెనకు వినబడుతున్నాయి. పెట్టేసి వచ్చి అందరి మధ్యా నిలబడ్డాడు.

"రేపు రేసుల టైముకు పెద్దసార్లు గోడ చూసెతందుకు వస్తున్నరట. నన్ను రమ్మన్నరు. నక్ష ఎందుకు దాటినవో గాడ చెప్పాలెనట. సోమవారం పొద్దుగాల పగలగొట్టెతందుకు వేరే ముఠాను పిలిచిండ్రు."

"నువ్వేం చెప్తవ్?" అంది దీవెన.

"ఏం చెప్పాలె? గా గోడ ఉంటె నా పేరు ఉంటది. పోతె రెండూ పోతయ్."

"నువ్వు చెప్పకు," అన్నాడు కాలేబు. "నేను చెప్త. గీటు నాది. కర్ర తీస్కోని వస్త. పెద్దసార్లు గూడ మనుషులే గద, వాళ్లకు గూడ మోచేతులుంటయి. ఒక్క రేసు గా గోడ కాడ నిలవడుండ్రి అంట. గటెన్క పగలగొడ్తరో ఉంచుతరో ఆళ్ల ఇష్టం."

"ఇనకపోతే మామా?"

"ఇనకపోతే నా గోడ కాడ నేను ఒక్కసారన్న నిలవడ్డట్టయితది."

అందరూ సాలమ్మ వైపు చూశారు. రేపు ఆదివారం. చర్చిలో ఆడవాళ్ల పాట ఎత్తేది ఆమే. ముప్పై ఏళ్ల జగడం మళ్లీ ఇప్పుడు మొదలవుతుందని దీవెన అనుకుంది.

సాలమ్మ చేయి కడుక్కుని, గూట్లోంచి పాటల పుస్తకం తీసుకుని, వాకిట్లోకి వెళ్లింది. గోడ మీద రెండు మోచేతులూ ఆనించింది. అవి ఎప్పటిలాగే చక్కగా కుదిరాయి.

"ఓ గ్రేసమ్మా! గీ పుస్తకం పట్టు. రేపు పాట నువ్వెత్తు."

"నువ్వు రావా? ఎటు పోతున్నవ్?" అంది గ్రేసమ్మ చేటలో కందులు ఆపి.

సాలమ్మ గోడ పైఅంచును అరచేత్తో ఒకసారి నిమిరింది.

"మా ఆయనెంబడి. రేసుకోర్సుకు."